ముడుచుకుపోయే వేళ్ళు – సూదితో చేసే చికిత్స

(ఉగాది తరువాతి ఆదివారం మన ఆలయ సభామందిరంలో ఆరోగ్య సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం. సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు చివర చేర్చాం.)

వంటశాలలో పని పక్కన పెట్టి వచ్చిన అమ్మలకి, అక్కలకి ప్రత్యేకంగా ధన్యవాదాలు. మధ్యాహ్న హారతికి ఇంకా ముప్పావు గంట ఉంది, ఈలోగా ముగించమని కార్యదర్శి గారి ఆజ్ఞ. మేమిద్దరం మీకు తెలిసినవాళ్ళమే. మాలో ఒకరు జీపీ, ఇంకొకరు చేతులకు వైద్యం చేసే థెరపిస్టు. పోయినసారి రక్తపోటు గురించి మాట్లాడితే వెనక వరుసల్లో కొందరికి చక్కగా నిద్ర పట్టింది. అందుకని ఈసారి మీ చేతులకే పని పెడుతున్నాం.

అందరూ ఒకసారి నమస్కారం పెట్టండి. మాకు కాదు, స్వామివారికే. మోచేతులు పక్కలకి లేపండి. రెండు అరచేతులూ, పది వేళ్ళూ పూర్తిగా ఆనించండి. ఇప్పుడు మీ చేతులు కాదు, పక్కవారి చేతులు చూడండి. వేళ్ళ కణుపుల దగ్గర సందు కనిపిస్తోందా? అరచేతులు కలిసినా వేళ్ళు విల్లులా వంగి ఉన్నాయా? ఇంగ్లీషు వైద్యపుస్తకాల్లో కూడా దీన్ని ‘ప్రేయర్ సైన్’ అనే అంటారు. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారిలో చేతి చర్మం, కీళ్ళ చుట్టూ ఉండే పొరలు మందమై బిగుసుకుపోతాయి. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. వయసు మీద పడిందిలే అనుకుంటారు.

ఇప్పుడు రెండో పని. ముందున్న కుర్చీ వీపు మీద గానీ, నేల మీద గానీ అరచేయి బోర్లించి పూర్తిగా చదునుగా ఆనించండి. చేయి కింద పెన్సిలు దూరేంత సందు ఉండి, ముఖ్యంగా ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎంత నొక్కినా ఆనకపోతే దాని కథ వేరు.

మూడోది. పిడికిలి బిగించి నెమ్మదిగా తెరవండి. ఏదైనా వేలు మధ్యలో ఆగిపోయి, టక్కుమని తెరుచుకుందా? లేక రెండో చేత్తో లాగితే గానీ రాలేదా? అది ఇంకో కథ.

ఈ మూడూ ‘వేళ్ళు వంగిపోవడమే’. మూడింటికీ మనవాళ్ళు చెప్పే మాట ఒక్కటే, ‘నరం పట్టేసింది డాక్టరు గారూ’ అని. తెలుగులో నరం అనే మాటతో వచ్చిన చిక్కే ఇది. రక్తనాళమూ నరమే, స్పర్శ తెలిపే నాడీ నరమే, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువూ నరమే. వైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఏ నరమో తేలాలి. ఎందుకంటే మూడింటికీ వైద్యం వేరు. ఇవాళ ఎక్కువసేపు రెండో రకం గురించే మాట్లాడతాం. మన సంఘంలో ఇద్దరికి అది ఉంది. వారిద్దరూ తమ సంగతి చెప్పమని అనుమతి ఇచ్చారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

దాని పేరు డూపిట్రన్స్ కాంట్రాక్చర్. అరచేతి చర్మం కింద, స్నాయువులకి పైన, పంచెలాంటి ఒక గట్టి పొర పరుచుకుని ఉంటుంది. మనం వస్తువుని గట్టిగా పట్టుకున్నప్పుడు చర్మం జారిపోకుండా పట్టి ఉంచేది ఆ పొరే. కొందరిలో ఆ పొరలోని కణాలు ఉన్నట్టుండి పనిచేయడం మొదలుపెట్టి, కొల్లాజెన్ అనే పీచుని పేర్చుకుంటూ పోతాయి. మొదట ఉంగరపు వేలి మొదట్లో, అరచేతిలో ఒక చిన్న గడ్డ. కాయ కాచిందనుకుంటారు. తర్వాత చర్మం అక్కడక్కడ సొట్ట పడుతుంది. కొన్నేళ్ళకి ఆ గడ్డలు కలిసి ఒక తాడులా వేలి వరకూ పాకి, వేలిని అరచేతివైపు లాగేస్తాయి. వేలు మడవగలరు, కానీ చాపలేరు. రెండో చేత్తో లాగినా రాదు. గమనించండి, స్నాయువు బాగానే ఉంటుంది, నాడి బాగానే ఉంటుంది. చెడింది వాటి పైనున్న పొర.

ఎక్కువగా పట్టేది ఉంగరపు వేలిని, ఆ తర్వాత చిటికెన వేలిని. పవిత్రం పెట్టుకునే వేలే ఉంగరపు వేలు కదా. మనకి మొదట తెలిసేదీ అక్కడే. మా దగ్గరికి వచ్చిన పెద్దాయన, తద్దినం రోజు దర్భ పవిత్రం కణుపు దాటలేదని వచ్చారు. అంతకుముందు రెండేళ్ళుగా ముఖం కడుక్కునేటప్పుడు చిటికెన వేలు కంట్లో గుచ్చుకుంటోంది, జేబులో చేయి పట్టడం లేదు, కంచంలో అన్నం కలుపుతుంటే రెండు వేళ్ళు ఎప్పుడూ ముద్దకి అడ్డం వస్తున్నాయి. ఇవేవీ ఆయన జబ్బుగా లెక్కపెట్టలేదు.

ఈ దేశంలో ఇది చాలా మామూలు జబ్బు. ఉత్తర యూరపు మూలాలున్నవారిలో, అందులోనూ యాభై దాటిన మగవారిలో ఎక్కువ. ‘వైకింగ్ వ్యాధి’ అని కూడా అంటారు. వైకింగులే తెచ్చారన్నది కథే అనుకోండి. 2023లో వచ్చిన ఒక జన్యు పరిశోధనలో మాత్రం, ఈ వ్యాధికి బలంగా ముడిపడిన కొన్ని జన్యుభాగాలు నియాండర్తల్ మానవుల నుంచి సంక్రమించాయని తేలింది. మార్గరెట్ థాచర్‌కి ప్రధానిగా ఉండగానే 1986లో దీనికి శస్త్రచికిత్స జరిగింది. అమెరికా అధ్యక్షుడు రేగన్‌కి 1989లో జరిగింది. సినిమాల్లో బిల్ నై చేతులు చూడండి, ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగే ఉంటాయి.

మనవారిలో ఇది అరుదు. అరుదు అంటే రాదని కాదు. చక్కెర వ్యాధి ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. వారిలో సాధారణంగా గడ్డలు, సొట్టలతో ఆగిపోతుంది, వేలు బాగా వంగిపోవడం తక్కువ. ఇంట్లో తండ్రికో అన్నకో ఉంటే, పొగ తాగితే, మూర్ఛకి వాడే కొన్ని పాత మందులు ఏళ్ళ తరబడి వాడితే కూడా రావచ్చు.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. మద్యానికీ దీనికీ సంబంధం ఉందని పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళంతా తాగుబోతులని దానర్థం కాదు, వీరిలో చాలామందికి మద్యంతో సంబంధమే ఉండదు. మేం చెప్పిన పెద్దాయన జన్మలో చుక్క ముట్టలేదు. ఎవరో ఇంటర్నెట్‌లో చదివి ‘ఇది తాగేవాళ్ళకి వస్తుందట’ అన్నారని, ఆయన రెండేళ్ళు గుళ్ళో చేయి ఉత్తరీయం కింద దాచుకుని తిరిగారు. తీర్థానికి ఎడమచేయి ఆసరాగా పెట్టి, కుడిచేతి వేళ్ళు కనబడకుండా పట్టేవారట. ఆ రెండేళ్ళలో చిటికెన వేలి మధ్య కణుపు తొంభై డిగ్రీలకి దగ్గరగా వచ్చింది. ఆ కణుపు ఎక్కువకాలం వంగి ఉంటే లోపలి కీలే బిగుసుకుపోతుంది. అప్పుడు తాడు తెంపినా పూర్తిగా తిన్నగా రాదు. ఆయనకీ పూర్తిగా రాలేదు. ఉంగరపు వేలు దాదాపు తిన్నగా వచ్చింది, చిటికెన వేలు సగమే వచ్చింది. పక్కవాళ్ళ చేయి చూసి ఏదో ఒక మాట అనేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మా మనవి.

సరే, సూది సంగతికి వద్దాం.

ఈ తాడుని కోయాలన్న ఆలోచన కొత్తది కాదు. 1777లో లండన్‌లో హెన్రీ క్లైన్ అనే శస్త్రవైద్యుడు శవాల చేతులు కోసి చూసి, తప్పు స్నాయువులో లేదు, పై పొరలో ఉందని కనిపెట్టాడు. ఆయన శిష్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లో, సన్నటి మొనదేలిన కత్తిని చిన్న రంధ్రం గుండా దూర్చి తాడుని లోపలే తెంపవచ్చని రాశాడు. అంటే ఈనాటి సూది పద్ధతికి ముత్తాత అన్నమాట. కానీ పేరు మాత్రం ప్యారిస్‌లోని డూపిట్రన్ గారికి దక్కింది. 1831లో ఆయన ఒక మద్యం వర్తకుడి అరచేతిని తెరిచి కోసి, దాని మీద ఉపన్యాసం ఇచ్చాడు. మత్తుమందు రావడానికి ఇంకా పదిహేనేళ్ళుంది, ఆ వర్తకుడి ధైర్యానికి దండం పెట్టాలి. తర్వాత నూటయాభై ఏళ్ళు దాదాపుగా తెరిచి కోయడమే వైద్యం. 1970లలో ప్యారిస్‌లో కొందరు కీళ్ళవైద్యులు కత్తి వదిలి, మామూలు ఇంజెక్షను సూదితోనే ఆ పని మొదలుపెట్టారు. ఈ దేశంలో నైస్ సంస్థ 2004లో సూది పద్ధతికి మార్గదర్శకాలు ఇచ్చింది. పేరు నీడిల్ ఫాషియోటమీ. అమెరికాలో నీడిల్ అపొన్యూరాటమీ అంటారు. రెండూ ఒకటే.

చేసే విధానం ఇదీ. ఆసుపత్రిలో పడుకోబెట్టరు. క్లినిక్ గదిలో బల్ల మీద చేయి చాపమంటారు. తాడు ఎక్కడెక్కడ ఉబ్బి కనిపిస్తోందో చర్మం మీద గుర్తులు పెడతారు. ఆ చోట్ల చర్మం వరకు మాత్రమే కొద్దిగా తిమ్మిరి మందు ఇస్తారు. ‘ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి డాక్టరు గారూ’ అని బతిమాలకండి. తక్కువ ఇవ్వడానికి కారణం ఉంది. వేలికి రెండు పక్కలా స్పర్శనాడులు ఉంటాయి. తాడు పెరుగుతూ ఒక్కోసారి ఆ నాడిని తన చుట్టూ తిప్పుకుంటుంది. సూది మొన నాడికి దగ్గరగా వెళితే మీకు వేలి చివరకి కరెంటు కొట్టినట్టవుతుంది. ఆ మాట మీరు వెంటనే చెప్పాలి, వైద్యుడు సూదిని పక్కకి జరుపుతారు. వేలంతా తిమ్మిరెక్కించేస్తే ఆ హెచ్చరిక ఉండదు. ఈ చికిత్సలో రోగి కూడా కాపలాదారే.

సూది మొనకి ఉండే అంచుతో తాడుని కొద్దికొద్దిగా గీరుతూ రెండు మూడు చోట్ల బలహీనం చేస్తారు. మధ్యమధ్యలో వేలిని కదిలించి చూడమంటారు. మొన స్నాయువులో దిగితే వేలుతో పాటు సూది కూడా ఊగుతుంది, అలా తెలిసిపోతుంది. చివర వేలిని నెమ్మదిగా చాపుతారు. తాడు తెగిన చప్పుడు వినిపిస్తుంది. పచ్చి బీన్సు కాయ విరిచినట్టు ఉందని రెండో సభ్యుడు అన్నారు. అరగంటలో అయిపోతుంది. కుట్లు ఉండవు. చిన్న పట్టీ వేసి పంపుతారు. అదే రోజు చేయి తేలికగా వాడవచ్చు. వారం రోజుల్లో చాలామంది మామూలు పనుల్లో పడతారు.

సుఖంగానే ఉంది కదా, ఇక ఆపరేషను ఎందుకంటారా? తాడు తెగింది గానీ పోలేదు. చర్మం కింద ముక్కలుగా అక్కడే ఉంది. మళ్ళీ అతుక్కోవచ్చు, మళ్ళీ పెరగవచ్చు. హాలండులో ఈ రెండు పద్ధతులనీ ఐదేళ్ళపాటు పోల్చి 2012లో ప్రచురించారు. సూదితో చేయించుకున్నవారిలో ఐదేళ్ళలో సుమారు 85 శాతం మందికి వేలు మళ్ళీ చెప్పుకోదగ్గంతగా వంగింది. తెరిచి తాడుని తీసేసిన వారిలో సుమారు 21 శాతం మందికే అలా అయింది. తేడా చిన్నది కాదు, దాన్ని మీ దగ్గర దాచడం మాకు ఇష్టం లేదు. అయినా ఆ పరిశోధకులే, పెద్ద వయసువారికీ, మళ్ళీ వచ్చినా ఫరవాలేదు త్వరగా కోలుకోవాలి అనుకునేవారికీ సూదే మేలన్నారు.

తెరిచి చేసే ఆపరేషను పేరు ఫాషియెక్టమీ. చేయంతా మత్తెక్కించి గానీ, పూర్తి మత్తు ఇచ్చి గానీ అరచేతిలో, వేలిలో వంకరటింకరగా కోసి, నాడులని తప్పించుకుంటూ తాడుని తీసేస్తారు. రెండు వారాలు కుట్లు. ఆ తర్వాత చేతి థెరపీ. కొందరికి చేయి పూర్తిగా పనికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వాపు, బిగుసుకుపోవడం, నాడి దెబ్బతిని వేలి కొన మొద్దుబారడం ఇందులో ఎక్కువ. చాలాసార్లు తిరగబెట్టినవారికి చర్మం కూడా తీసి వేరేచోటి చర్మం అతికిస్తారు.

మన రెండో సభ్యుడి ఇంట్లో దీని మీదే పెద్ద వాదన జరిగింది. ఆయనకి డెబ్బై దాటాయి. కొడుకు చదువుకున్నవాడు, పైన చెప్పిన అంకెలన్నీ చదివేశాడు. ‘నాన్నగారూ, మళ్ళీ మళ్ళీ వచ్చే వైద్యం ఎందుకు, ఒకేసారి ఆపరేషను చేయించుకోండి’ అన్నాడు. తండ్రిగారు ససేమిరా అన్నారు. అబ్బాయి, నాన్నగారు భయపడుతున్నారనుకున్నాడు. అసలు సంగతి మెల్లగా బయటపడింది. ఆవిడకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. మంచం మీంచి కుర్చీలోకి దించేది, అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది ఆయనే. ఆరు వారాలు కుడిచేయి లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? కేరర్‌ని పెడతామన్నాడు కొడుకు. ‘మీ అమ్మ ఇంకొకరి చేతి ముద్ద తినదు’ అన్నారాయన. కొడుకు లెక్క తప్పు కాదు. తండ్రి లెక్కలో మాత్రం ఇంకొక మనిషి కూడా ఉంది.

ఆయన సూదే చేయించుకున్నారు. ఒక శుక్రవారం ఉదయం వెళ్ళారు, ఆ రాత్రి ఎడమచేత్తో పెట్టారు, సోమవారానికి కుడిచేతికి వచ్చేశారు. మూడేళ్ళు బాగా ఉంది. ఇప్పుడు మళ్ళీ ఇరవై డిగ్రీల వరకు వంగింది. ఇంకోసారి సూది పెట్టించుకుంటానంటున్నారు. పెట్టించుకోవచ్చు కూడా. ఎన్నిసార్లు చేయాలో గట్టి హద్దేమీ లేదు, తర్వాత ఎప్పుడైనా ఆపరేషనుకి వెళ్ళే దారీ మూసుకుపోదు. అదే ముప్పై అయిదేళ్ళ మనిషికి, వేగంగా పెరుగుతున్న జబ్బుకి అయితే మా సలహా వేరుగా ఉండేదేమో.

సూది అందరికీ కుదరదు. తాడు స్పష్టంగా చేతికి తగలాలి. అరచేతిలో, వేలి మొదటి కణుపు దగ్గర అయితే ఫలితం బాగుంటుంది. మధ్య కణుపు దగ్గర కష్టం, నాడులు మరీ దగ్గర. చర్మం చిట్లడం అప్పుడప్పుడు జరుగుతుంది, కొద్దిరోజుల్లో మానుతుంది. నాడికి గానీ స్నాయువుకి గానీ దెబ్బ తగలడం అరుదు, కానీ లేకపోలేదు. రక్తం పలచబడే మందులు వేసుకునేవారు ముందే చెప్పండి. ఎవరూ చెప్పకుండా సొంతంగా ఆ మందులు మానకండి.

మూడో దారి ఒకటి ఉండేది. కొల్లాజినేజ్ అనే ఎంజైముని తాడులోకి ఎక్కించి, అది పీచుని కరిగించాక మర్నాడో ఆ తర్వాతో వేలిని చాపేవారు. అమెరికాలో 2010లో, యూరపులో మరుసటి ఏడాది అనుమతి వచ్చింది. ఇక్కడ కొన్నేళ్ళు బాగానే వాడారు. 2020లో కంపెనీ వ్యాపార కారణాలతో యూరపు మార్కెట్టు నుంచి ఉపసంహరించుకుంది, ఇక్కడా దొరకడం మానేసింది. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్న మీ చుట్టాలు ‘మాకు ఇంజెక్షనుతో తగ్గింది’ అంటే అబద్ధం కాదు, అక్కడ ఇంకా దొరుకుతోంది.

ఎప్పుడు వెళ్ళాలి? గడ్డ మాత్రమే ఉండి వేలు వంగకపోతే ఏ చికిత్సా అక్కర్లేదు. ఆ గడ్డ క్యాన్సరు కాదు. చాలామందికి ఏళ్ళ తరబడి అక్కడే ఆగిపోతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో సాధారణంగా వేలి మొదటి కణుపు 30 డిగ్రీలు గానీ, మధ్య కణుపు 20 డిగ్రీలు గానీ వంగితే చికిత్సకి పంపుతారు. డిగ్రీలు ఇంట్లో కొలవలేరు కాబట్టి బల్ల మీద అరచేయి ఆనకపోవడమే గుర్తు. ఆ రోజు తేదీ రాసి పెట్టుకోండి, ఫోనులో ఫోటో తీయండి. మూడు నెలలకోసారి అదే కోణంలో ఇంకో ఫోటో. జీపీ దగ్గర పది నిమిషాల్లో ‘పెరుగుతోందండీ’ అని నోటితో చెప్పడం కన్నా ఆ ఫోటోలు బాగా పనిచేస్తాయి. రోగులకి మేమే ఈ సలహా ఇస్తుంటాం.

ఇక టక్కుమనే వేలు. ట్రిగర్ ఫింగర్. మన మధ్య ఎక్కువగా కనిపించేది నిజానికి ఇదే. ఇందాక పిడికిలి తెరిచినప్పుడు ఐదారుగురు నవ్వారు, మేం చూశాం. వేలిని మడిచే స్నాయువు, తాడు గిలక లోంచి వెళ్ళినట్టు, ఒక చిన్న సొరంగం లోంచి జారుతుంది. సొరంగం అంచు మందమైనా, స్నాయువు ఉబ్బినా అక్కడ తట్టుకుంటుంది. పొద్దున లేవగానే ఎక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారిలో మరీ ఎక్కువ, ఒకేసారి రెండు మూడు వేళ్ళకీ రావచ్చు. దీనికి మొదటి వైద్యం ఆ సొరంగం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షను. చాలామందికి దానితోనే తగ్గుతుంది, చక్కెర ఉన్నవారికి ఆ అవకాశం కొంత తక్కువ. ఇంజెక్షను తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. కాబట్టి ఆ వారం రోజూ పరీక్షించుకోండి. ఆ వారంలోనే పెళ్ళి విందు పెట్టుకోకండి.

దానితో తగ్గకపోతే సొరంగం అంచుని తెంపుతారు. ఇదీ సూదితో చేయవచ్చు. 1958లోనే ఒక వైద్యుడు ఈ పద్ధతిని ప్రచురించాడు. తిమ్మిరి ఇచ్చి, సూది మొనతో అడ్డంగా ఉన్న కట్టుని తెంపితే, వేలు అక్కడికక్కడే స్వేచ్ఛగా తిరుగుతుంది. డూపిట్రన్‌లా తిరగబెట్టే గొడవ ఇందులో తక్కువ. బొటనవేలికి మాత్రం నాడి బాగా దగ్గరగా ఉంటుంది కనుక చాలామంది వైద్యులు చిన్న కోతతో కళ్ళారా చూసి చేయడానికే ఇష్టపడతారు. అది కూడా పావుగంట పనే.

మొదట చేసిన నమస్కారంలో వేళ్ళు కలవనివారికి సూదీ లేదు, కత్తీ లేదు. చక్కెర అదుపు, రోజూ వేళ్ళు చాచే వ్యాయామం, అంతే. కానీ ఆ చేతులు ఇంకొకటి చెబుతున్నాయి. చక్కెర చేతిలో ఇంత పని చేసిందంటే కంటిలో, మూత్రపిండాల్లో కూడా చేసి ఉండవచ్చు. కంటి స్క్రీనింగు ఉత్తరం వచ్చి డ్రాయరులో పడి ఉంటే ఈ వారమే తీయండి.

సభికులు అడిగినవి:

నువ్వుల నూనె, ఆముదం మర్దన చేస్తే తాడు కరుగుతుందా అని ఒక అమ్మగారు అడిగారు. కరగదు. చర్మం మెత్తగా ఉంటుంది, హాయిగా ఉంటుంది, చేసుకోండి. కానీ వేలిని బలవంతంగా వెనక్కి విరిచి చాపించకండి, మేలు జరగదు. రాత్రి పూట పెట్టుకునే బద్ద కూడా చికిత్స జరగకముందు తాడుని ఆపుతుందనడానికి ఆధారం లేదు. చికిత్స అయ్యాక కొందరికి ఇస్తారు, అందరికీ అవసరం కాదు.

ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకోవచ్చా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే. అక్కడ చేతి శస్త్రవైద్యులకి కొదవ లేదు, వేచి ఉండే పనీ తక్కువ. ట్రిగర్ ఫింగరు అయితే అభ్యంతరం చెప్పం. డూపిట్రన్ ఆపరేషను అయితే మూడు వారాల సెలవులో పెట్టుకోవద్దు. కుట్లు అక్కడ, థెరపీ ఇక్కడ అంటే మధ్యలో చేయి బిగుసుకుపోతుంది. అలా తిరిగివచ్చిన ఒకరి చేతిని దారిలో పెట్టడానికి మాకు ఆరు నెలలు పట్టింది. వెళ్ళేముందు ఇక్కడి థెరపిస్టు దగ్గర తేదీ ఖాయం చేసుకుంటే అది వేరే మాట.

కారు నడపవచ్చా? సూది తర్వాత స్టీరింగు గట్టిగా, నొప్పి లేకుండా పట్టుకోగలిగినప్పుడు నడపవచ్చు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఇంకొకరు నడపాలి.

రోడ్డు పనుల్లో చాలా ఏళ్ళు డ్రిల్లు పట్టిన ఒక సభ్యుడు, దానివల్ల వచ్చిందా అని అడిగారు. అయి ఉండవచ్చు. కంపించే పనిముట్లు ఏళ్ళ తరబడి వాడినవారికి వచ్చే డూపిట్రన్‌ని 2019 డిసెంబరు నుంచి ఇక్కడి ప్రభుత్వం వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. దాని గుర్తు ఏ15. షరతులకి సరిపోతే ఇండస్ట్రియల్ ఇంజరీస్ డిజేబుల్‌మెంట్ బెనిఫిట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఫారం నింపడానికి సాయం కావాలంటే మా ఇద్దరిలో ఎవరినైనా అడగండి.

చిన్నగా మొదలైనప్పుడే ఆపే మందు లేదా అని ఒక కుర్రవాడు అడిగాడు. ఆక్స్‌ఫర్డ్‌లో అడాలిముమాబ్ అనే కీళ్ళవాతం మందుని నేరుగా గడ్డలోకి ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితాల్లో గడ్డలు మెత్తబడ్డాయి, తగ్గాయి. వేలు వంగకుండా ఆపుతుందా అన్నది తేలాలంటే ఇంకా ఏళ్ళు పట్టే పని. అప్పటిదాకా డబ్బు తీసుకుని ‘ఆపేస్తాం’ అని చెప్పే ప్రైవేటు ప్రకటనలు కనిపిస్తే, కట్టేముందు మాకు ఒక ఫోను చేయండి.

హారతి గంట మోగేలోపు ఆఖరి మాట. ప్రసాదం తీసుకున్నాక చెప్పుల అరల పక్కగదిలో కోణాలు కొలిచే స్కేలుతో కూర్చుంటాం. అనుమానం ఉన్నవారు రండి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. చేతులకి నెయ్యి అంటుకుంటే కడుక్కుని రండి, పోయినసారి మా కాగితాలన్నీ పులిహోర వాసన వేశాయి.